కుక్క మింగితే ఏమవుతుంది?

మా వీధిలో ఒకాయన తన లాబ్రడార్ కోసం కొన్న 'నమిలే ఎముక'ను తెచ్చి చూపించి, ఇది మంచిదేనా అని అడిగారు. రెండు కొసలా ముడులు వేసి ఉంది, లేత పసుపు రంగులో ఉంది. పేరుకు ఎముకే గానీ నిజానికి అది తోలు. నేనేమీ చెప్పలేదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో దాన్ని రాత్రంతా ఉంచమన్నాను.

తెల్లారి వెళ్లి చూశాను. ముడులు సడలిపోయాయి. నీళ్లు టీ కడిగిన రంగుకు తిరిగాయి, పైన సన్నగా జిడ్డు తేలుతోంది. తోలు ఉబ్బి, తెల్లబడి, పట్టుకుంటే వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. ఆయన రెండు చేతులతో లాగారు. సాగిందే తప్ప తెగలేదు. "ఇది దాని పొట్టలో కూడా ఇలాగే ఉంటుందా?" అన్నారాయన. కుక్క పొట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి బాగా నమిలి మింగిన చిన్న తునకలు మెల్లగా కరుగుతాయి. కానీ లాబ్రడార్ లాంటి ఆత్రపు కుక్క ఓపికగా నమలదు. చివర మిగిలిన ముడిని గుటుక్కున మింగేస్తుంది. ఆ ముడి గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు.

రాహైడ్ పేరుతో అమ్మే ఈ సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తెలియదు. తోళ్ల కర్మాగారాల్లో పశువు చర్మాన్ని పొరలుగా చీలుస్తారు. పై పొర చెప్పులకూ సంచులకూ పోతుంది, లోపలి పొర ఇలా ముడులుగానూ కడ్డీలుగానూ మారుతుంది. వెంట్రుకలు ఊడడానికి సున్నం, సోడియం సల్ఫైడ్ వాడతారు, తెల్లగా కనిపించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టిస్తారు. కడగడం సరిగా జరిగిందో లేదో కొనేవాడికి తెలిసే దారి లేదు. 2017 జూన్‌లో అమెరికాలో యునైటెడ్ పెట్ గ్రూప్ అనే సంస్థ తన రాహైడ్ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించింది. ఆహారం తయారుచేసే యంత్రాలను శుభ్రం చేయడానికి వాడే క్రిమిసంహారక రసాయనాన్ని కొన్ని కర్మాగారాల్లో తోలు మీదే వాడినట్టు తేలడమే అందుకు కారణం. ఇంకో మాట. ఇది ఎక్కువగా గొడ్డు తోలే. ఇంట్లోకి అలాంటివి రానివ్వని కుటుంబాలు కూడా తెలియక దీన్ని కొని పిల్లల చేతికిస్తున్నాయి. ప్యాకెట్ మీద ఆ ముక్క తెలుగులో రాసి ఉంటే వాళ్లు కొనరు.

కుక్కకు నమలడానికి ఏమివ్వాలని అడిగితే ఇంటర్నెట్‌లో దొరికే జవాబులన్నీ పళ్ల శుభ్రత దగ్గరే మొదలవుతాయి. నల్లగొండలోనో వనపర్తిలోనో కుక్కను పెంచుకునేవాడు అక్కడ మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. అనుభవం మీద వచ్చిన అభిప్రాయం ఇది.

మా చుక్క నాటు కుక్క, పన్నెండు కిలోలుంటుంది. రెండేళ్ల కింద మేలో కొల్లాపూర్ మామిడిపండ్లు తెప్పించుకున్నాం. తిన్న టెంకలను పెరట్లో బుట్టలో వేశాం. ఆ రాత్రి చుక్క రెండుసార్లు కక్కింది. ఎండ దెబ్బ అనుకున్నాను. మర్నాడు అన్నం ముట్టలేదు, నీళ్లు తాగిన వెంటనే కక్కింది, వీపు విల్లులా వంచి గోడ పక్కన నిలబడింది. మా పశువైద్యుడు పొట్టను మెల్లగా నొక్కుతూ ఒకచోట ఆగి, "ఇక్కడ గట్టిగా ఏదో తగులుతోంది, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకెళ్లండి" అన్నారు. దాదాపు వంద కిలోమీటర్లు. దారి పొడవునా అది నా ఒళ్లో మూలుగుతూనే ఉంది. అక్కడ పేగు కోసి టెంక తీశారు. స్టీలు పళ్లెంలో పెట్టి చూపించినప్పుడు దానికి పీచు ఇంకా అంటుకునే ఉంది. చుక్క బతికింది. ఆ బుట్టకు మూత పెట్టనిది నేనే. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మన జిల్లాల్లో పశువైద్యశాలలు ఆవులు, గేదెలు, గొర్రెల కోసం ఏర్పడ్డాయి. గొర్రెల మంద మీద బతికే కుటుంబాలు ఇన్ని ఉన్న చోట అది న్యాయమే. కానీ కుక్క గొంతులోకి కెమెరా గొట్టం దించి ఇరుక్కున్నదాన్ని బయటికి తీయడం, రాత్రివేళ పేగు ఆపరేషన్ చేయడం లాంటివి కావాలంటే మనకు ఇప్పటికీ హైదరాబాదే దిక్కు. పెద్ద నగరంలో గంటలో తేలే ప్రమాదం, దేవరకొండలోనో గద్వాలలోనో ఒక పూటను మింగేస్తుంది. ఆ పూటలో పేగుకు రక్తం ఆగిపోవచ్చు. అందుకే ఏ వస్తువు చేతికి వచ్చినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది ముక్కగా లోపలికి పోతే ఏమవుతుంది?

ఆ ప్రశ్న వేసి చూస్తే కొట్లో కొన్నవాటికంటే మనమే విసిరేవి ఎక్కువ భయపెడతాయి. గింజలు తిన్నాక పారేసే మొక్కజొన్న బెండు అరగదు, పేగులో బిరడాలా బిగుసుకుంటుంది. మామిడి టెంక సంగతి చెప్పాను. ఇక ఆదివారం మాంసం. మన వైపు బొక్క అంటే ఎముకే. కూరలో ఉడికిన బొక్కను కుక్కకు వేయడం తాతల నాటి అలవాటు. ఉడికితే ఎముకలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు దెబ్బతిని, అది పెళుసెక్కి సూదుల్లా విరుగుతుంది. కోడి ఎముకలు మరీనూ. ఆ పెచ్చులు గొంతును గీరుతాయి, పేగును పొడుస్తాయి, పొడిగా నలిగినవి మలద్వారం దగ్గర గట్టిపడి కుక్కను ఏడిపిస్తాయి. గుండ్రంగా కోసిన నల్లి బొక్కది ఇంకో ప్రమాదం. మూలుగు నాకే ఆత్రంలో అది కింది దవడకు ఉంగరంలా ఎక్కి, కోరపళ్ల వెనక బిగుసుకుంటుంది. మత్తిచ్చి, కట్టర్‌తో కోసి తీయాల్సిందే. కారం, ఉల్లి, వెల్లుల్లి అంటిన ముక్కలతో వచ్చే హాని వేరే.

"మా తాత కుక్క జీవితమంతా బొక్కలు తిని బతికింది" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. నిజమే అయి ఉంటుంది. అరగక చచ్చిన కుక్కలనూ మనం చూశాం, అయితే వాటికి "ఏదో తిన్నది, పోయింది" అని తప్ప వేరే కారణం ఎవరూ రాయలేదు. కొట్లో ప్యాక్ చేసి అమ్మే కాల్చిన ఎముకలూ సురక్షితం కావు. వాటి గురించి 2017లో హెచ్చరిక జారీ చేసిన అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, తనకు అందిన దాదాపు 68 ఫిర్యాదుల్లో 15 కుక్కలు చనిపోయినట్టు చెప్పింది.

రెండో ప్రశ్న గట్టిదనం గురించి. బొటనవేలి గోటితో నొక్కితే కాస్తయినా గుంట పడాలి. పడకపోతే అది పంటిని విరగ్గొడుతుంది. జింక కొమ్ము, పశువు గిట్ట, మరీ గట్టి నైలాన్ ఎముక ఈ పరీక్షలో నిలవవు. కుక్కకు పైవరసలో నమలడానికి పనికొచ్చే పెద్ద పన్ను ఇలాంటివి కొరికినప్పుడు పెచ్చులా ఊడుతుంది. నరం బయటపడినా కుక్క ఏడవదు, ఒక పక్కనే నమలడం మొదలుపెడుతుంది. హిమాలయ ప్రాంతాల్లో పాలతో చేసే చుర్పీ ఈ మధ్య మన పట్టణాల్లోనూ దొరుకుతోంది. అది అరిగే పదార్థమే, కానీ చాలా గట్టిది. పళ్లు మారే పిల్లకుక్కకూ ముసలి కుక్కకూ నేను ఇవ్వను.

కొనేచోట కూడా ఆగి చూడాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టం మనిషి తినే ఆహారానికే వర్తిస్తుంది, పశువుల మేత దాని కిందికి రాదు. కాబట్టి మూతలేని సీసాలో విడిగా అమ్మే కుక్క తినుబండారాన్ని ఆహార తనిఖీ అధికారి వచ్చి చూస్తాడని అనుకోవద్దు. ప్యాక్ చేసినదానికైతే తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, ధర ఉండాలన్న తూనికలు కొలతల నిబంధన ఉంది. అవి లేని ప్యాకెట్‌ను ముట్టుకోను. మే నెలలో రేకుల షెడ్డు కింద రోజుల తరబడి వేలాడిన పంది చెవులు, కోడి కాళ్లు పెంపుడు జంతువుకే కాక ఇంట్లోవాళ్లకూ చేటే. 2019లో అమెరికాలో కుక్కలకిచ్చే పంది చెవుల ద్వారా సాల్మొనెల్లా అనే క్రిమి సోకి 34 రాష్ట్రాల్లో 154 మంది మనుషులు జబ్బుపడ్డారు. కుక్క నమిలిన చోటే పాకే పసిబిడ్డలుంటారని మరవకూడదు.

మరి ఏమివ్వాలి? మా ఇంట్లో ఎక్కువగా ఇచ్చేది చిలగడదుంప. వేలి మందం చీలికలుగా కోసి, సగం ఉడికించి, పల్చని గుడ్డ కప్పి డాబా మీద ఎండబెడతాం. మన ఎండకు రెండు మూడు రోజుల్లో తోలులా సాగే స్థితికి వస్తుంది. నమలడానికి పావుగంట పడుతుంది, మింగినా అరుగుతుంది. పళ్లు వచ్చే పిల్లకుక్క చిగుళ్లకు ఫ్రిజ్‌లో చల్లబరిచిన క్యారెట్ హాయి. ఎండిన జొన్న రొట్టె ముక్క కూడా మంచిదే, కాకపోతే కొలత పాటించాలి. పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు చాలు. అందులో పదో వంతు, అంటే 60 కేలరీలకు మించి చిరుతిళ్లు పెట్టకూడదు. ఒక పూర్తి రొట్టె ఆ హద్దు దాటిపోతుంది. ఉప్పు, పసుపు, కారం పట్టించి ఎండబెట్టిన మాంసం, అంటే ఒట్టి తునకలు మాత్రం కుక్కకు వద్దు.

మందపాటి రబ్బరు బొమ్మలో మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు కూరి ఇస్తే గంట గడుస్తుంది. వేరుశనగ ముద్ద పెట్టేవారికి ఒక హెచ్చరిక. ఇది పల్లీ పండే నేల, బూజు పట్టిన పల్లీ చవగ్గా దొరుకుతుంది. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ విషానికి కుక్క కాలేయం తట్టుకోదు. కొట్లో డబ్బా కొంటే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోండి. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. పళ్ల కోసమే ప్రత్యేకంగా కొనేవారు 1997లో ఏర్పడిన పశు దంత ఆరోగ్య మండలి, వీఓహెచ్‌సీ, ముద్ర ఉన్నది చూడవచ్చు. పాచి, గార తగ్గుతాయని పరీక్షలో తేలినవాటికే ఆ ముద్ర ఇస్తారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. చెప్పులు కొరుకుతోంది, తలుపు గీకుతోంది, నమలడానికి ఏదైనా చెప్పండి అని అడిగే ఇళ్లలో చాలాచోట్ల కుక్క పొద్దస్తమానం గేటు దగ్గర గొలుసుకు కట్టి ఉంటుంది. దానికి కావలసింది నడక. పొద్దున్నే అరగంట, ఎండ తగ్గాక అరగంట నేల వాసన చూస్తూ తిరిగిన కుక్కకు నమిలే యావ సగానికి తగ్గుతుంది. మూడున్నర నుంచి ఏడు నెలల మధ్య, 28 పాలపళ్లు రాలి 42 శాశ్వత దంతాలు వచ్చే కాలంలో మాత్రం నమలడం దాని అవసరం. అప్పుడు కసరకండి.

ఏది ఇచ్చినా మూతికంటే పెద్దది ఇవ్వండి, పక్కనే కూర్చోండి. ఒక్క గుటకలో పోయేంత చిన్నదయ్యాక తీసేయాలి. అయితే నోట్లోంచి లాగకూడదు, పిల్లలను అసలు పంపకూడదు. ఇష్టమైనదాన్ని లాక్కుంటే నిన్నటిదాకా మెత్తగా ఉన్న కుక్క కూడా కరుస్తుంది. నేను గుడ్డు ముక్క ఒకటి చూపిస్తాను. చుక్క చిలగడదుంప కొసను నా పాదాల దగ్గర వదిలి వస్తుంది. దాన్ని తీసి మూతున్న బుట్టలో వేస్తాను.