అత్యాచారం: ఆచారం మీరితేనే తప్పా?

ఇప్పుడు పేపర్లో 'అత్యాచారం' అన్న మాట కనబడితే ఎవరికైనా రేప్ అనే అర్థమే తడుతుంది. చెరచడం, బలాత్కారం, మానభంగం అన్న పాత మాటల్ని అది దాదాపు వెనక్కి నెట్టేసింది. (మానభంగం పోతే పోయింది. నేరం వాడు చేస్తే మానం పోయింది ఈవిడదట!) కానీ దీనివల్ల ఒక తికమక వచ్చిపడింది. 'ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం' అనగానే అది రేప్ కేసుల చట్టమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1989లో వచ్చిన ఆ చట్టం పేరులో ఉన్నది పాత అర్థం, అంటే దౌర్జన్యం, దురాగతం. హిందీలో అత్యాచార్ అంటే ఇప్పటికీ అదే. మనవాళ్లు ఈ గొడవంతా ఎందుకని 'అట్రాసిటీ కేసు'తో సరిపెట్టుకున్నారు, స్టేషన్లోనూ అదే మాట, ఊళ్లోనూ అదే మాట.

విడదీస్తే అతి + ఆచారం, బళ్లో చదువుకున్న యణాదేశ సంధే. ఆచారాన్ని మీరిన నడత అని. అంటే ఆచారం ఎప్పుడూ మంచిదే, దాన్ని దాటినవాడిదే తప్పు అన్న నమ్మకం ఆ మాట లోపలే ఉంది. నాకు మింగుడుపడనిది అదే. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి ఎవరు ఆచారం మీరి పెట్టారు? దళితులకు గ్లాసు విడిగా ఉండేది, తాగినవాళ్లే కడిగి పెట్టాలి, అది ఊరి ఆచారం. ఆ గ్లాసు వద్దన్నవాడే ఊరి దృష్టిలో ఆచారం మీరినవాడు, దెబ్బలు తిన్నదీ వాడే. 1985 జులైలో కారంచేడులో, మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు తెచ్చుకునే చెరువును మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది.

పేరు ఎలా ఉన్నా, చట్టం రాసినవాళ్లు లోపల నేరాన్ని ఆచారంతో కొలవలేదు. తినకూడనిది బలవంతంగా తినిపించడం, భూమి ఆక్రమించడం, వాడుకునే నీళ్లు పాడుచేయడం, ఇలా ఒక్కో పనినీ సెక్షన్ 3లో విడివిడిగా రాశారు. 2015 సవరణతో గుండు గీయించడం, మీసాలు తీయించడం, చెప్పుల దండ వేయడం కూడా చేరాయి. గుండు అంటే గుర్తొచ్చింది, అప్పటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో ఇద్దరు దళిత యువకులకు బలవంతంగా గుండు గీయించారు. పేపర్లు దానికి 'శిరోముండనం కేసు' అని పేరు పెట్టాయి, ఏదో మొక్కు తీర్చుకున్నట్టు వినబడే ఆ మాట ఎవరికి తట్టిందో మరి. ఆ కేసులో విశాఖ ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది 2024 ఏప్రిల్‌లో, 27 ఏళ్లు దాటాక.