గోడల బొమ్మలు ఎవరికోసం?

కొత్తగా తెరిచే డేకేర్‌ల ఫోటోలు చూస్తే విసుగొస్తోంది. నాలుగు గోడలకీ ఏనుగులు, ఇంద్రధనుస్సులు, అక్షరమాల. అన్నీ ఐదడుగుల ఎత్తులో. ఆ గదిలో ఉండబోయేది వెల్లకిలా పడుకునేవాళ్లు, పాకేవాళ్లు, తప్పటడుగులు వేసేవాళ్లు. నేల నుంచి రెండడుగుల లోపే వాళ్ల లోకమంతా. పుట్టిన కొత్తలో బిడ్డకి కాస్త స్పష్టంగా కనిపించేది 20–30 సెంటీమీటర్ల వరకే, అంటే ఎత్తుకున్నవాళ్ల ముఖం దాకా. ఆ ఏనుగులు ఫీజు కట్టే పెద్దవాళ్ల కోసం. ఆ డబ్బు నేలకీ కప్పుకీ పెట్టి ఉంటే సగం గొడవలు ఉండేవి కావు.

ప్లాన్ గీసేవాళ్లు ముందుగా ఖాళీ గదిలో నేల మీద వెల్లకిలా పడుకోవాలి. లైటు సూటిగా కళ్లలో కొడుతుందా, ఏసీ గాలి ముఖం మీదికే వస్తుందా అప్పుడు తెలుస్తుంది. తర్వాత మోకాళ్ల మీద గదంతా ఒక చుట్టు పాకాలి. బల్ల అడుగున పొడుచుకొచ్చిన స్క్రూ, చేతికందే ప్లగ్ పాయింటు, మెడకు చుట్టుకునేలా వేలాడే కర్టెన్ తాడు, తలుపు మడతబందుల వైపు వేలు దూరే సందు... నిలబడి చూసినవాళ్లకి వీటిలో ఒక్కటీ కనబడదు. బీరువాలూ అరలూ గోడకి బిగించారా లేదా అన్నది లాగి చూడాలి. అర అంచు పట్టుకుని పైకి లేవడం ఆ వయసు పిల్లల దినచర్య.

నేల విషయానికొస్తే, రంగురంగుల ఫోమ్ ముక్కల మ్యాట్‌లు నాకు అస్సలు నచ్చవు. అతుకుల్లో మురికీ పాలూ చేరతాయి, అంచులు పిల్లలు పీకి కొరుకుతారు. మరీ మెత్తగా ఉంటే నడక నేర్చుకునే కాలుకి ఆనిక దొరకదు. నున్నటి టైల్స్ తడిస్తే జారతాయి, చల్లగా ఉంటాయి, పైగా శబ్దాన్ని తిరగ్గొడతాయి. కాస్త గట్టిగా, అడుగున పలుచటి కుషన్ పొరతో, అతుకులు మూసేసి తుడిచేందుకు వీలుగా ఉండే వినైల్ షీట్ చాలు.

శబ్దం సంగతి ఎవరూ పట్టించుకోరు. గట్టి నేల, గట్టి గోడ, కాంక్రీటు కప్పు కలిస్తే ఒక బిడ్డ ఏడుపు గదంతా మోగుతుంది, మిగతావాళ్లూ అందుకుంటారు. పసివాళ్లకి హోరులోంచి మాటను విడదీసి వినడం పెద్దవాళ్లకన్నా కష్టం. మాటలు నేర్చుకునే వయసులో మాటే వినబడకపోతే ఎలా? కప్పుకి శబ్దం పీల్చే పలకలు వేయండి. రోజంతా మోగే ఆ రైమ్స్ కూడా కట్టేయండి, పుణ్యముంటుంది.

ఇంకా పాకడం రానివాళ్లకి విడిగా ఒక మూల, దాని చుట్టూ 60 సెంటీమీటర్ల ఎత్తు అడ్డు ఉండాలి. నడిచేవాళ్లు వాళ్ల మీద పడరు, పెద్దవాళ్ల చూపుకీ అడ్డు రాదు. రెండేళ్ల లోపు బిడ్డకి తలా 3.5 చదరపు మీటర్లు, ముగ్గురు పిల్లలకి ఒక పెద్ద మనిషి అన్నది ఇంగ్లండ్ నిబంధన. అంతకన్నా కుక్కితే కొరుక్కోవడాలు మొదలవుతాయి. వాటికి తరచుగా కారణం పిల్లల బుద్ధి కాదు, గది ఇరుకు. ఇంకో కారణం, అందరూ కోరే బొమ్మ ఒక్కటే ఉండటం. పది రకాలు కొనేకన్నా ఒకే రకం బొమ్మబండి మూడు కొనండి.

బొమ్మలంటే మీట నొక్కితే పాడేవే ఎందుకు? నొక్కడం తప్ప బిడ్డ చేసేదేముంది అందులో? పైగా లోపల బటన్ బ్యాటరీ. అది మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. పసిపిల్లల విద్యా నిపుణురాలు ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ చెప్పిన బుట్ట పద్ధతి నయం. కూర్చోగలిగి ఇంకా పాకని బిడ్డ ముందు చెక్క గరిటె, లోహపు మూత, ఉన్ని బంతి, గట్టి బ్రష్ లాంటివి ఒక బుట్టలో పెట్టి పక్కన కూర్చోవడమే. గొంతుకి అడ్డుపడకుండా, సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో దూరే వస్తువేదీ బుట్టలో ఉండకూడదు. వాకర్లు మాత్రం వద్దే వద్దు. కెనడా 2004లోనే నిషేధించింది. దానికి బదులు గోడకి 40–45 సెంటీమీటర్ల ఎత్తులో ఒక కమ్మీ, దాని వెనక పగలని అక్రిలిక్ అద్దం పెట్టండి. ఆ ఒక్క మూలలో బిడ్డ తనంతట తాను లేస్తుంది, నిలబడుతుంది, కూలబడుతుంది, అద్దంలో చూసుకుని మళ్లీ లేస్తుంది.

నిద్రకి గట్టి పరుపు, దానికి బిగువుగా తొడిగిన దుప్పటి, వెల్లకిలా పడుకోబెట్టడం, అంతే. క్రిబ్‌లో (ఊచల మంచంలో) దిండు, బొంత, బొమ్మ, అంచు మెత్తలు ఏవీ వద్దు. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. నిద్ర గదిని చీకటి చేసి పారేస్తారు కొందరు. బిడ్డ ముఖం రంగు మారితే కనిపించేంత వెలుతురైనా ఉండాలి కదా.

డైపర్ మార్చే బల్ల దగ్గర డిజైన్ బండారమంతా బయటపడుతుంది. దాన్ని గోడ వైపు తిప్పి పెడితే మార్చే మనిషి వీపు గదికి ఉంటుంది, అంతసేపూ మిగతా పిల్లలు ఎవరి కంటా పడరు. సింకు, తుడుపు గుడ్డలు, కాలితో తెరిచే చెత్తబుట్ట ఒక చేతి దూరంలో ఉండాలి. రెండో చెయ్యి బిడ్డ మీది నుంచి తీయకూడదు. పాలసీసాలు కడిగే సింకు వేరు, ఇది వేరు. ఆదా అని రెండూ ఒకటే చేస్తే ఒక బిడ్డకి పట్టుకున్న విరేచనాలు వారంలో గదంతా తిరుగుతాయి. నడిచే పిల్లలకి బల్ల పక్కనే బయటికి లాగే మెట్లు పెట్టండి, వాళ్లే ఎక్కితే సిబ్బంది నడుములు దక్కుతాయి.

చివరిగా ఒక లెక్క. నడవలేని పసివాళ్లు పన్నెండు మంది, పెద్దవాళ్లు నలుగురు, గదిలో పొగ. చేతుల్లో ఇద్దరేసి చొప్పున మోసినా నలుగురు లోపలే మిగిలిపోతారు. అందుకే చక్రాలున్న గట్టి క్రిబ్‌లు, అవి పట్టే వెడల్పు తలుపులు, గడప లేని గుమ్మాలు కావాలి. ఇది ప్లాన్ కాగితం మీద తేలదు. పిల్లల బరువుకు సరిపడా బియ్యం బస్తా క్రిబ్‌లో వేసి, నిద్రపోయే మూల నుంచి వీధి దాకా తోసి చూడండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ పగలగొట్టండి, రంగులు వేయకముందే.