నాకైతే మా అనంతపురం గాలే ఇష్టం

హాయిగా బతకాలంటే అరకు, లంబసింగి, కోనసీమ లాంటి చోట్లే ఉండాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. పచ్చదనం ఎవరికి చేదు? కానీ నేను ఉద్యోగం మీద కోనసీమలో మూడేళ్లు ఉన్నాను. మనుషులు మంచోళ్లు, కొబ్బరితోటల నీడా బాగుంటుంది. ఆ ఉక్కే నావల్ల కాలేదు. ఉతికిన చొక్కా వేసుకున్న పది నిమిషాలకే వీపుకి అంటుకుపోయేది. ఎటు చూసినా చెట్లే, ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించేది.

మాది అనంతపురం జిల్లా. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంతే. ఏప్రిల్, మే ఎండలు మాడ్చేస్తాయి, కాదనను. జూన్ దాటాక రండి మా వైపు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు! పగలంతా పడమటి గాలి వీస్తూనే ఉంటుంది. రాత్రి మిద్దె మీద పడుకుంటే తెల్లారుజామున దుప్పటి వెతుక్కోవాల్సిందే.

గుండ్రాళ్ల గుట్టలు, అక్కడక్కడా వేపచెట్టు, కనుచూపు మేర చెనిక్కాయ చేలు. పక్క ఊరి మీద వాన పడుతుంటే ఇక్కడికి తెల్లటి తెరలా కనిపిస్తుంది. మన చేను దాకా వస్తుందా అని గట్టు మీద నిలబడి చూస్తాం. ముందు మట్టివాసన వస్తుంది.