స్కాన్‌లో కనిపించిన డిస్కే దోషి కానక్కర్లేదు

నడుం నొప్పి పుట్టించే డిస్కును, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండును, ఎంఆర్ఐ స్కాన్‌తో గుర్తించవచ్చన్న ఒక వ్యాసం చదివి సంతోషం వేసింది, కాస్త భయం కూడా. 1994లో నడుం నొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే, 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది! ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే నా చేతిలో రిపోర్టు పెట్టారు. నాలుగు, ఐదో నడుం పూసల మధ్య డిస్కు నల్లగా ఉంది. డిస్కులో నీటి శాతం తగ్గితే, నీటిని తెల్లగా చూపించే టీ2 రకం ఎంఆర్ఐ చిత్రంలో అలా నల్లబడుతుందని తర్వాత తెలిసింది. అప్పటిదాకా వంగి చెప్పులు తొడుక్కోవాలన్నా టెన్షనే. తీరా చూస్తే, నడక, వ్యాయామంతోనే నొప్పి తగ్గింది.

డిస్కు వెనుక అంచున తెల్లని మచ్చ, పక్క పూస ఎముకలో స్కాన్‌లో కనిపించే మార్పులు (వీటిని మోడిక్ మార్పులంటారు) ఆ డిస్కే నొప్పికి కారణమనడానికి కొంత ఆధారమే, రుజువు కాదు. సూది గుచ్చి డిస్కులోకి మందు ఎక్కించి, 'మీ నొప్పి ఇదేనా' అని అడిగే డిస్కోగ్రఫీ ఎంత బాధాకరమో! అందుకే డిస్కులోని రసాయనాలను కొలిచే ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ మీద నాకు ఆశ. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా మాత్రం స్కాన్ ఆలస్యం చేయకండి. మిగతావాళ్లు ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, ఈ డిస్కే కారణమని ఎలా తేల్చారో డాక్టర్‌గారిని తప్పక అడగండి.