స్థిర చిరునామా గల సర్వర్లకే ప్రవేశం

అడిగిన యంత్రానికల్లా నెట్‌వర్క్ చిరునామా పంచిపెట్టే డీహెచ్‌సీపీ అనే దురాచారం 1993లో పుట్టి, 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా స్థిరపడింది. కొత్త యంత్రం నెట్‌వర్క్‌లో కాలు పెట్టగానే ‘చిరునామా ఇచ్చే పుణ్యాత్ములెవరైనా ఉన్నారా’ అని ఊరంతా వినపడేలా కేక వేస్తుంది. ఎవరో ఒకటి చూపిస్తారు. ‘అదే ఇప్పించండి’ అంటుంది. ‘సరే, తీసుకో’ అంటారు. ఇంతా చేసి దక్కేది అద్దె చిరునామా. గడువు ముగిసేలోగా మళ్లీ చేయి చాచాలి. పరువు గల సర్వర్ చేయదగిన పనేనా ఇది?

కాదని విజయవాడలోని ఒక కార్యాలయం తేల్చేసింది. భద్రత దృష్ట్యా అక్కడి సర్వర్ల గదిలో డీహెచ్‌సీపీ నిషిద్ధం. ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. గుంటూరు బ్రాడీపేటలో నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే ఆటో డ్రైవరు మారుమాట లేకుండా దింపుతాడు. ఆ వీధి రోజూ పొద్దున్నే లేచి తన నంబరెంతో ఎవరినీ అడగదు కదా.

చిక్కల్లా పురిటి సమయంలోనే, అంటే కొత్త సర్వర్‌లోకి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడే. రెడ్ హ్యాట్ వారి లినక్స్‌కు కావలసిన ఐపీ (చిరునామా), నెట్‌మాస్క్ (మన పేట హద్దు), గేట్‌వే (పేట దాటే గుమ్మం) అన్నీ కిక్‌స్టార్ట్ అనే జవాబుల ఫైల్లో ముందే రాసిపెట్టవచ్చు. ఆ ఫైలేమో వెబ్ సర్వర్‌లో ఉంటుంది. దాన్ని తెచ్చుకోవాలంటే నెట్‌వర్క్ ఉండాలి. నెట్‌వర్క్ రావాలంటే ఆ ఫైల్లోని చిరునామా తెలియాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. పెన్‌డ్రైవ్‌కు ఓఈఎండీఆర్‌వీ అని లేబులిచ్చి అందులో ఫైలు పెడితే ఇన్‌స్టాలర్ తనంతట తానే వెతుక్కుని చదువుకుంటుంది. కానీ పెన్‌డ్రైవులూ నిషిద్ధమే. భద్రత అంటే అలా ఉండాలి.

కనుక యంత్రం లేచేటప్పుడు ఆదేశాలు తీసుకునే బూట్ వరుసలో చేత్తో కొట్టాలి: ఐపీ=10.20.4.31::10.20.4.1:255.255.255.0, ఆ తర్వాత యంత్రం పేరు, ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు) పేరు, చివర ‘నన్’, అంటే ఎవరినీ అడిగేది లేదని. మొదట్లో పక్కపక్కనే ఉన్న ఆ రెండు కోలన్లను భక్తితో చూడండి. వాటి మధ్య ఒక ఖాళీ గడి ఉంది. అది మనకు అక్కర్లేదు, అయినా ఖాళీగా ఉంచి తీరాలి. ఒక కోలన్ జారిందా, గేట్‌వే వెళ్లి ఆ గడిలో కూర్చుంటుంది, గేట్‌వే కుర్చీలోకి నెట్‌మాస్క్ వస్తుంది, నెట్‌మాస్క్ స్థానంలో యంత్రం పేరు కొలువు తీరుతుంది. ఇలా కోలన్లు లెక్కపెట్టుకోవడం శిక్ష అనుకునేవారు మే నెలలో బెజవాడ వచ్చి చూడాలి. సర్వర్ల గదిలో ఏసీ ఉంటుంది.

ఇంతకీ ఆ చిరునామా చివరి 31 ఎక్కడిది? ఎక్సెల్ షీటులోనిది. షీటు ఒక పెద్దాయన దగ్గర ఉంటుంది. ‘సార్, ఒక ఐపీ కావాలి’ అని ఎవరు ఖాళీగా ఉంటే వారికి ఫోను చేస్తాం. చివరికి పెద్దాయన దొరికి, ‘31 ఖాళీగా ఉన్నట్టుందండీ’ అంటారు. ‘అదే ఇప్పించండి’ అని మెయిలు పెడతాం. భోజనానంతరం ‘సరే’ అని జవాబు వస్తుంది. ఈ తతంగాన్ని ఇంతకుముందు ఎక్కడో విన్నట్టుందంటే అది మీ భ్రమ. డీహెచ్‌సీపీ నిషిద్ధమని చెప్పాను కదా. పైగా ఇక్కడ గడువన్నదే లేదు. తుక్కు కింద అమ్మేసిన సర్వర్లు కూడా షీటులో చిరంజీవులు.

సంక్రాంతికి పెద్దాయన ఊరెళితే ఇబ్బంది కలగకూడదని షీటుకు నకలు తీసి ఇంకొకరికి ఇచ్చారు. పండుగ అయ్యాక ఒకే చిరునామాతో రెండు సర్వర్లు లేచాయి. ఏ ఐపీ ఏ యంత్రానిదో పక్క యంత్రాలు రాసుకునే ఏఆర్‌పీ పట్టికలో ఎవరి జవాబు చేరితే ఆ పూటకు వారే అసలు వారసులు. జీతాల బిల్లు కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు ఖాళీ పేజీ వచ్చింది.

సమావేశం జరిగింది. ఇకపై చిరునామా ఇచ్చేముందు దానికి పింగ్ కొట్టి, అంటే ‘ఉన్నావా’ అని పలకరించి చూడాలని, జవాబు రాకపోతే ఖాళీగా ఉన్నట్టు భావించాలని తీర్మానించారు. సర్వర్లేవీ పింగ్‌కు జవాబివ్వకూడదని భద్రతా విభాగం కిందటేడే ఆదేశాలిచ్చి ఉంది. కాబట్టి ప్రస్తుతం షీటులోని చిరునామాలన్నీ ఖాళీయే. కావలసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు.