క్లాసు మధ్యలో ఫోటోలేంటండీ?

విదేశంలో ఓ బడిలో వాలంటీరుగా పాఠాలు చెబుతున్నాను. ఈ రోజు క్లాసులో భిన్నాల కూడిక నడుస్తోంది. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల తనంతట తనే బోర్డు దగ్గరికొచ్చింది. 1/2, 1/3 చూసి కాసేపు ఆలోచించి, కింద హారంగా 6 వేసింది. పైన లవం రాయబోతుండగా తలుపు తోసుకుని ఓ గుంపు లోపలికొచ్చింది. అందరికీ ఒకే రంగు టీషర్టులు, చేతుల్లో ఫోన్లు. రెండు వారాల కోసం వేరే దేశం నుంచి వచ్చిన వాలంటీర్లట. "మీరు పాఠం కానివ్వండి, మేం నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతాం" అన్నారు. ఇంకేం పాఠం? పిల్లలంతా లేచి వాళ్ళ చుట్టూ మూగారు. ఆ పిల్ల చాక్‌పీసు పెట్టేసి వెళ్ళి కూర్చుంది. తర్వాత ఎంత పిలిచినా రాలేదు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ ఫోటోలు ఎక్కడ పెడతారో పిల్లల అమ్మానాన్నలకు ఎవరైనా చెప్పారా? వాళ్ళ దేశంలో ముక్కూమొహం తెలియనివాళ్ళు బడిలోకొచ్చి వాళ్ళ పిల్లల్ని ఇలా ఫోటోలు తీస్తే ఊరుకుంటారా? గేటు దగ్గరే ఆపేస్తారు. ఇక్కడివాళ్ళు పేదవాళ్ళు కాబట్టి అడిగేవాడు లేడని ధీమా.

అన్నిటికంటే నా కడుపు రగిలిపోయిన విషయం వేరే ఉంది. నాతో కలిసి పాఠం చెప్పే ఇక్కడి టీచరమ్మ హాజరు పట్టీ పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. నేను చెప్పింది పిల్లల భాషలో ఆవిడ మళ్ళీ చెబితేనే వాళ్ళకు బుర్రకెక్కుతుంది. నేను వెళ్ళిపోయాక కూడా ఈ పిల్లలకు దిక్కు ఆవిడే. ఆవిడతో ఏమన్నారో తెలుసా? "మేడమ్, ఫ్రేములో పడుతున్నారు, కొంచెం పక్కకు జరగండి." ఆవిడ క్లాసులో ఆవిడనే పక్కకు జరగమన్నారు!

అమెరికా ప్రభుత్వం వేరే దేశాలకు వాలంటీర్లను పంపడానికి 1961లో మొదలుపెట్టిన పీస్ కోర్‌లో ఒక విడత సేవ మామూలుగా 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు దాదాపుగా శిక్షణకే, అక్కడి భాష నేర్చుకోవడానికే పోతాయి. జపాన్ ప్రభుత్వం 1965 నుంచి పంపే యువ వాలంటీర్లకు కూడా సాధారణంగా రెండేళ్ళు. ఊరికే పెట్టలేదు అంత గడువు. పిల్లల పేర్లు నోరు తిరగడానికే వారాలు పడుతుంది. ఏ పిల్లాడికి బోర్డు కనిపించడం లేదో, ఎవడు ఆకలితో నిద్రపోతున్నాడో తెలియడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు వారాల్లో ఏం చెబుతారు? రంగుల పాట నేర్పుతారు. పోయినసారి వచ్చినవాళ్ళూ అదే నేర్పారు, అంతకుముందు వాళ్ళూ అదే. మా పిల్లలకు ఆ పాట కంఠతా వచ్చు, భిన్నాలు రావు.

ఇలాంటి ఫోటోలు చూసే కదా మావాళ్ళు కూడా నన్ను "ఫారిన్‌లో ఎంజాయ్ చేస్తున్నావు" అంటారు! కరెంటు లేని రాత్రి టార్చి వెలుతురులో నోటుబుక్కులు దిద్దడం ఎంజాయా? వీసా పొడిగిస్తారో లేదోనని టెన్షన్ పడటం ఎంజాయా? జ్వరమొస్తే పలకరించేవాళ్ళు ఉండరు. నెలనెలా ఇచ్చే భత్యం తిండికీ బస్సుకీ సరిపోతుంది, అంతే. "జీతం లేని పనికి విమానం ఎక్కి వెళ్ళాలా?" అని అందరి ముందూ అన్న పెద్దమనిషే డిసెంబర్ 5న అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవ శుభాకాంక్షలంటూ పువ్వుల బొమ్మ పంపించాడు. నాకొద్దు ఆ శుభాకాంక్షలు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది, ఆయన ఈ పోస్టు చదువుతున్నా సరే, అందుకే రాస్తున్నాను.