పొట్లంలోని అట్టముక్క

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మతో సిగరెట్ పొట్లంలో వచ్చిన కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇప్పుడు ఈ కార్డుల ఊసెత్తితే చాలు, ధర దగ్గరే మాట ఆగిపోతోంది. ఆ బేస్‌బాల్ కార్డుకంటే ఇరవై ఏళ్లు పాతవైన అలెన్ అండ్ గింటర్ సిగరెట్ కంపెనీ కార్డులు నాకు ఎక్కువ ఇష్టం. అచ్చు పనితనం చూడాలంటే అక్కడే చూడాలి.

వర్జీనియా అంటే మన ప్రకాశం జిల్లా రైతుకు పొగాకు రకం. అమెరికాలో ఆ పేరున్న రాష్ట్రానికి రాజధాని రిచ్‌మండ్. ఈ కంపెనీ అక్కడిదే. 1880లలో సిగరెట్లు పల్చటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. జేబులో నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. దానిమీద రంగుల బొమ్మలు వేశారు: పక్షులు, జెండాలు, సముద్రపు దొంగలు. ఒక్కో వరుసకు సాధారణంగా 50 కార్డులు. వెనకవైపు ఆ వరుసలోని పేర్లన్నీ అచ్చేసేవారు. తన దగ్గర ఏది లేదో కొన్నవాడికి ఇట్టే తెలిసిపోయేది. వ్యాపార కిటుకంతా ఆ జాబితాలోనే ఉంది.

పనితనం మాత్రం ముందువైపు ఉంది. రంగుకో రాయి. నున్నటి సున్నపురాతి పలకమీద జిడ్డు సిరాతో చుక్క చుక్కగా దిద్ది, అదే కాగితాన్ని ఒక్కో పలకమీదా మళ్లీ మళ్లీ అచ్చొత్తాలి. వెంట్రుకవాసి జరిగితే పెదవి ఎరుపు చెంపకు పాకుతుంది. 1887 నాటి ‘వరల్డ్స్ ఛాంపియన్స్’ వరుసలో తుపాకీ గురికి పేరుమోసిన ఆనీ ఓక్లీ ఉంది, మల్లయోధులున్నారు. భూతద్దం పెట్టి చూస్తే ఆ ముఖాల నునుపంతా చుక్కలే. అరచేతిలో సగం కూడా లేని అట్టమీద అంత ఓపిక! కార్డుమీద కంపెనీ పేరుంది, దిద్దిన చేతి పేరు లేదు. ఇది నాకు బాధగా ఉంటుంది.

ఈ కళ పొగాకును అమ్మిపెట్టింది. బొమ్మల కోసం పిల్లలు కూడా వెంటపడ్డారు. ఆ మాట దాచిపెట్టి మెచ్చుకోవడం సరికాదు. చెత్తబుట్టలో పడేయడమూ సరికాదు.

జెఫర్సన్ బర్డిక్ పడేయనివ్వలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన ఆయన మూడు లక్షలకు పైగా కార్డులు, అచ్చుకాగితాలు పోగుచేసి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చారు. వేలంపాటల్లో వాగ్నర్ కార్డుకు ముందు వినిపించే ‘టీ206’ అన్న గుర్తు ఈ కార్డులకు ఆయన తయారుచేసిన జాబితాలోదే. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోతున్నా, మ్యూజియంలో కూర్చుని ఏళ్ల తరబడి ఆల్బమ్‌లలో అంటించారు. 1963 జనవరిలో ఆ పని ముగించారు. మార్చిలో కన్నుమూశారు.